కాకులకి కాదు

ఆ ఏడు గోదావరి పుష్కరాలకని రాజమండ్రి ఊరంతా సున్నాలు వేసుకుంది. గోడలకీ, చెట్ల మొదళ్ళకీ, ఆఖరికి మా వీధి చివర ఏనాడూ నీళ్ళు రాని కుళాయి దిమ్మకీ కూడా తెల్లగా కొట్టేశారు. రెండువేల మూడు వేసవి అది. కోటిలింగాల రేవులో కొత్త మెట్లు కడుతుంటే, సాయంత్రాలు జనం వేరుశెనక్కాయలు కొనుక్కుని మరీ వెళ్ళి చూసొచ్చేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం ఏ హడావిడీ లేదు. ఉన్నదల్లా ఒక భయం. దాన్ని నాన్నగారు ఒక చోట, అమ్మ ఒక చోట, నేను ఒక చోట దాచుకుని తిరుగుతున్నాం.

మా నాన్నగారు నరసింహమూర్తి గారిది రేవులో పౌరోహిత్యం. మండపేట, రావులపాలెం, ముమ్మిడివరం, అవతలి ఒడ్డున తణుకు వైపు ఊళ్ళ నుంచి రైతు కుటుంబాలు తద్దినాలకీ, అస్థికలు కలపడానికీ ఆయన దగ్గరికే వచ్చేవి. నేను కోటగుమ్మంలో బుజ్జిబాబు గారి డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. ఆ అలవాటు కొద్దీ ఇంట్లో కూడా “మన కస్టమర్లు” అనేదాన్ని.

“యజమానులు అనవే. కస్టమర్లేంటి, మనమేమన్నా సబ్బులమ్ముకుంటున్నామా?” అని విసుక్కునేవారు ఆయన. ఏ పేరు పెట్టినా మా ఇల్లు నడిచింది వాళ్ళ మీదే.

పిండప్రదానంలో పోయినవాళ్ళ పేర్లు మూడు తరాలు చెప్పాలి. తండ్రి, తాత, ముత్తాత. అటు ఆడవాళ్ళవీ అంతే. చాలామందికి తండ్రి పేరు తెలుస్తుంది, తాత పేరు సగం తెలుస్తుంది, ముత్తాత దగ్గరికొచ్చేసరికి తల గోక్కుంటారు. అక్కడ మా నాన్నగారు అందుకునేవారు. ఊరి పేరూ ఇంటిపేరూ చెబితే చాలు, గోత్రంతో సహా వరసంతా గడగడా చెప్పేసేవారు. అవన్నీ ఆయన మా తాతగారి నోట విని నేర్చుకున్నవి, మా తాతగారు వాళ్ళ నాన్నగారి నోట విన్నవి. కాగితం మీద ఒక్క ముక్క లేదు. “రాసుకుంటే బద్ధకం వస్తుందమ్మాయ్” అనేవారు. పేరు ఎంతకీ తెలియకపోతే దానికి బదులుగా చెప్పే మాటలు శాస్త్రంలోనే ఉన్నాయి. తన పీట దగ్గర ఆ మాటలు వాడే అవసరం రాలేదని ఆయనకి గర్వం. అది గర్వం అని ఎవరైనా అంటే ఒప్పుకునేవారు కాదనుకోండి.

ఉగాది వెళ్ళాక ఒకరోజు ఆయన దర్భల కట్ట మరిచిపోయి వెళ్తే, ఇచ్చి రావడానికి రేవుకి వెళ్ళాను. రావులపాలెం వాళ్ళ తద్దినం జరుగుతోంది. తాత పేరు దగ్గర నాన్నగారు ఆగారు. దగ్గారు. మంచినీళ్ళు అడిగారు. గ్లాసుడు నీళ్ళూ చివరిదాకా, నేనెప్పుడూ చూడనంత నెమ్మదిగా తాగారు. గ్లాసు కింద పెట్టేసరికి పేరు దొరికింది. రావులపాలెం వాళ్ళేమీ గమనించలేదు. నేను దర్భల కట్ట మెట్టు మీద పెట్టి, ఆయన నన్ను చూడకముందే వచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. మా అమ్మ వెంకటరత్నమ్మ అప్పుడు కంద తరుగుతోంది. తల ఎత్తలేదు.

“మొన్న పంచదార డబ్బా చూపించి దీన్నేమంటారే అని అడిగారు నన్ను. వేళాకోళం అనుకుని నవ్వాను” అంది. కాసేపు తరిగి, “నవ్వకుండా ఉండాల్సింది” అంది.

చేతులకి అంటిన కంద దురదకి చింతపండు రాసుకుంటూ అమ్మే మళ్ళీ మొదలెట్టింది.

“పుష్కరాలకి జనం విరగబడి వస్తారు. అందరి ముందూ ఒక్కసారి నోరు పెగలకుండా పోతే ఆయన మళ్ళీ రేవులో అడుగు పెట్టరు. నాకు తెలుసు ఆయన సంగతి. నువ్వు ఆ కంప్యూటర్ నేర్చుకున్నావుగా. ఆయన బుర్రలో ఉన్నదంతా దాంట్లోకి ఎక్కించలేవూ?”

ఈ మాట నేను ఇప్పటికీ మా చుట్టాలందరికీ చెబుతుంటాను. తర్వాత జరిగిన గోలంతా అమ్మ మీదికే పోతుంది కాబట్టి, అసలు ఆ ఆలోచన చేసింది కూడా అమ్మేనని చెప్పడం న్యాయం.

అడగడం ఎలా అన్నది అసలు చిక్కు. మీకు మరుపొస్తోంది, ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి అని మా నాన్నగారితో అనగలిగిన వాళ్ళు ఇంకా పుట్టలేదు. అమ్మ ఆ సంగతి భోజనాల దగ్గర తేల్చేసింది.

“అమ్మాయికి తెలుగు టైపింగ్ ఇంకా చేతికి రాలేదటండి. సాధన చేసుకోడానికి మీరేవో నాలుగు పేర్లు చెప్పకూడదూ?”

నాకు డీటీపీ సెంటర్లో అప్పటికి రెండేళ్ళ అనుభవం. పెళ్ళి శుభలేఖలు కళ్ళు మూసుకుని కొట్టేదాన్ని. నాన్నగారు మజ్జిగన్నం కలుపుతూ ముందు అమ్మని చూశారు, తర్వాత నన్ను చూశారు. ఉత్తరాపోశనం పట్టి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, “ఏ ఊరితో మొదలెడదాం?” అన్నారు.

బుజ్జిబాబు గారు సెంటర్లో మూల పడి ఉన్న పాత కంప్యూటర్ని రిక్షాలో మా ఇంటికి పంపించారు. ముందుగదిలో నాన్నగారి పడక్కుర్చీ పక్కన బల్ల వేసి పెట్టాం. మధ్యాహ్నాలు, కరెంటు ఉన్నంతసేపు, నా సెలవు రోజుల్లోనూ సెంటర్లో పని లేని పూటల్లోనూ సాగేది మా సాధన.

ఆయన కళ్ళ మీద తడి తువ్వాలు వేసుకుని, “మండపేట” అని కాసేపు ఊరుకునేవారు. ఆ ఊళ్ళో బస్సు దిగి నడక మొదలెట్టినట్టు ఉండేది. “రైసుమిల్లు దాటాక ఎడమ చేతి ఇల్లు. పైడిపాల గోత్రం. ఇప్పుడున్నది చంద్రరావు. తండ్రి వెంకన్న, తాత సత్తియ్య, ముత్తాత బుల్లియ్య.” ఇల్లు దాటితే పక్కిల్లు, వీధి మలుపు తిరిగితే అటు వరస. ఆయన పేర్లని గుర్తు పెట్టుకోలేదు, వీధుల్ని గుర్తు పెట్టుకున్నారని నాకు అప్పుడు తెలిసింది.

పేర్లతో పాటు కబుర్లు కూడా వచ్చేవి. ఆ బుల్లియ్య కాలవలో పడవ మీద మా ముత్తాతగారికి ఏటా చక్రకేళీ గెల తెచ్చేవాడట. పడవ దిగకముందే ఒడ్డు మీదికి కేకేసి, ఆ ఏడు పంట ఎలా ఉందో ఊరంతా వినేట్టు చెప్పేవాడట. తణుకు వైపు ఒక ఇంట్లో చిన్నమ్మాయి అనే ఆవిడ ఉండేదట, ఎనభై ఏళ్ళు దాటి పోయిందట. “మునిమనవలు కూడా చిన్నమ్మాయికి పిండం అంటే ఫక్కున నవ్వారే. నేనూ నవ్వాను, ఏం చెప్పను” అన్నారు నాన్నగారు. అమ్మ వంటింట్లోంచి, “మీరు పేర్లు చెప్పండి, కథలు తర్వాత” అని అరిచేది. ఆయన కథ పూర్తిచేసి గానీ పేరులోకి వచ్చేవారు కాదు.

ఒక పద్ధతి మాత్రం నాకు విసుగ్గా ఉండేది. ఒక ఊరు పూర్తయ్యాక, కొట్టినదంతా పైకి చదివి వినిపించాలి. ఒకసారి చదివితే చాలదు. మళ్ళీ చదవాలి. మర్నాడు కొత్త ఊరు మొదలెట్టే ముందు పాతది ఇంకోసారి చదవాలి, అదీ తెర చూడకుండా.

“నాన్నగారూ, ఇది మెషిన్ అండి. దానికి అన్నీ గుర్తుంటాయి. నేనెందుకు వల్లె వెయ్యడం?”

“దానికుంటే ఉండనీ. నాకు నీ నోట వినాలనుంది.”

పెద్దాయన ముచ్చట పడుతున్నారు కదా అని చదివేదాన్ని. ఎక్కడైనా తాతనీ ముత్తాతనీ తారుమారు చేస్తే తువ్వాలు తియ్యకుండానే, “ఊఁ, ఎవరి కడుపున ఎవర్ని పుట్టించావు?” అనేవారు. ఆ రోజుల్లో ఆయనకి పంచదార డబ్బా పేరు దొరికేది కాదు గానీ, ఈ తప్పు మాత్రం ఒక్కటీ దాటేది కాదు. అలా వైశాఖం అంతా గడిచింది. నాకు తెలిసి ఆయనా నేనూ అన్ని గంటలు కలిసి కూచున్నది ఆ ఒక్క ఎండాకాలమే.

మామిడికాయలు ముదిరే వేళకి ఊళ్ళన్నీ పూర్తయ్యాయి. బుజ్జిబాబు గారికి ఆ సంగతి చెబితే ఆయన సంతోషించకుండా, “కాపీ తీశారాండి?” అని అడిగారు.

“కాపీ ఎందుకండి? కంప్యూటర్లోనే ఉందిగా.”

“అదే చెప్తున్నానండి. మా దగ్గర శుభలేఖల డిజైన్లన్నీ ఒక్క డిస్కులో పెట్టుకుని, అది పోయిన రోజు నేను అన్నం తినలేదండి. రెండు సీడీలు రాసిస్తాను. ఒకటి ఇంట్లో పెట్టుకోండి, ఒకటి వేరే ఊరు పంపించేయండి. రెండూ ఒక్క చోట పెడితే రెండు తీసి ఉపయోగం లేదు.”

సెంటర్లో కొత్తగా కొన్న రైటర్ మీద రెండు సీడీలు రాసిచ్చారు. ఇంటికి తెచ్చి అమ్మకిచ్చాను. ఇవేంటని అడిగింది. “నాన్నగారి పేర్లన్నిటికీ నకళ్ళమ్మా. అసలుది కంప్యూటర్లో ఉంది” అని చెప్పాను. అమ్మ వాటిని బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది. రెండోదాన్ని కొవ్వూరులో మా పిన్ని ఇంట్లో ఇద్దామనుకున్నాను. వంతెన దాటితే కొవ్వూరే. అంత దగ్గర కాబట్టే రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఉండిపోయాను.

పుష్కరాలు రెండు రోజుల్లో ఉన్నాయనగా, మధ్యాహ్నం మా ఇంట్లో ఫ్యాను విమానంలా మోత పెట్టింది. కరెంటు ఒక్కసారిగా పెరిగినట్టుంది. ముందుగదిలో ట్యూబులైటు టప్పున పోయింది. దాని వెనకే కంప్యూటర్ పెట్టెలోంచి సన్నగా పొగ వచ్చింది. నేను వైరు పీకేసరికి గదంతా కాలిన వాసన.

బుజ్జిబాబు గారు స్కూటర్ మీద వచ్చి పెట్టె విప్పారు. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, స్క్రూడ్రైవర్ కింద పెట్టారు.

“డిస్కు కూడా పోయిందండి. పర్లేదు, సీడీలు ఉన్నాయిగా. మా సెంటర్లో వేసి ఇప్పుడే ప్రింటు తీసిచ్చేస్తాను. ఏవండి అవి?”

నేను బీరువా తెరిచాను. పట్టుచీరలున్నాయి. వాటి మధ్య చెయ్యి పెట్టి వెతికాను, చీరలన్నీ మంచం మీద వేసి దులిపాను.

“అమ్మా, సీడీలేవి?”

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. అలా చుట్టుకుంటే ఏదో అయిందన్నమాట.

“అమ్మా.”

“మాగాయ పెట్టినప్పుడు…” అంది.

మాగాయకి మామిడి ముక్కలు డాబా మీద ఎండబెడతారు. కాకులు ఊరుకోవు. ఆ రోజుల్లో వీధిలో అందరూ పాడైపోయిన సీడీలకి దారం కట్టి డాబాల మీద వేలాడదీసేవాళ్ళు, ఆ మెరుపుకి కాకులు బెదురుతాయని. మా అమ్మ కూడా బుజ్జిబాబు గారి సెంటర్ నుంచి నా చేత పాతవి తెప్పించింది. అవి చాలలేదు.

“అసలుది కంప్యూటర్లో ఉంది, ఇవి నకళ్ళు అన్నావు గదే. అసలు ఉండగా నకళ్ళు బీరువాలో ఎందుకు, కొన్నాళ్ళు పనికొస్తాయి అనుకున్నాను” అంది అమ్మ.

మెట్లెక్కి పైకి పరిగెత్తాం. మాగాయ జాడీలోకి చేరి నెల దాటింది. సీడీలు మాత్రం బట్టల తీగకి వేలాడుతూ గాలికి తిరుగుతున్నాయి. రోహిణి ఎండా, ఆ తర్వాత పడ్డ వానలూ అన్నీ వాటి మీదే గడిచాయి. వెండి పూత పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి, వాటిలోంచి అవతలి వాళ్ళ డాబా కనిపిస్తోంది. ఏవి సెంటర్వో, ఏవి మావో కూడా తెలియడం లేదు. బుజ్జిబాబు గారు అన్నిటినీ తీసుకెళ్ళి ఒక్కొక్కటే వేసి చూశారు. ఏదీ చదవలేదు.

నాన్నగారికి చెప్పక తప్పలేదు. అమ్మే చెప్పింది, ఎదురుగా నేల మీద కూచుని. ఆయన విని ముందు నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళొత్తుకున్నారు.

“రత్నం, కాకుల్ని పిలిచి పిండం పెట్టి బతికే ఇల్లు మనది. ఆ ఇంటి పైన కాకుల్ని తరమడానికి మా యజమానుల్ని వేలాడదీశావా?”

అమ్మ నవ్వలేదు. ఆ నవ్వు చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కాగితం, పెన్ను తెచ్చుకుని ఆయన పక్కన కూచుని, “మళ్ళీ చెప్పండి, రాసుకుంటాను. ముఖ్యమైన ఊళ్ళు చాలు” అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. “మండపేట” అన్నారు. “బస్టాండు. రైసుమిల్లు.”

నేను పెన్ను పట్టుకుని కూచున్నాను. కాలిన వాసన ఇంకా పోలేదు.

“మిల్లు దాకా వచ్చానమ్మాయ్” అన్నారు కొంతసేపటికి. “తర్వాత వీధి కనపడ్డం లేదు.”

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవకూడదని పంటి కింద పెదవి నొక్కిపట్టాను. ఉగాది నుంచీ ముగ్గురం దాచుకున్నది అలా మా ముందుగదిలో నిలబడింది. ఆయనే లేచి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుని, “ఒంట్లో బాలేదని చెప్పండి అందరికీ. ఈసారికి సోమయాజులు గారి దగ్గర చేయించుకోమనండి” అన్నారు. సోమయాజులు గారు రేవులో పక్క పీట ఆయన.

మర్నాడు సాయంత్రం ఫోను మోగింది. మండపేట చంద్రరావు గారు. నేను తీసి, నాన్నగారికి ఒంట్లో బాలేదని చెప్పబోయాను.

“పంతులు గారికి చెప్పమ్మా, పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేస్తున్నాం. మా అమ్మకి నడుం లేవట్లేదు, ఇంట్లో ఉండవే అంటే వినట్లేదండి. ఆయన చేతి మీదుగానే మా నాన్నకి పెట్టించాలంటంది. మళ్ళీ పుష్కరాలకి ఉంటానో లేదో అంటంది.”

ఆ మాటలు ఫోనులోంచి గదిలోకి వినిపించాయి. నాన్నగారు గోడవైపు తిరిగే ఉన్నారు. కాసేపటికి, “రమ్మను” అన్నారు.

తెల్లవారుతుండగా బయల్దేరాం. అమ్మ నా చేతికి మంచినీళ్ళ చెంబూ గ్లాసూ ఇచ్చింది. “ఆయన వెనక మెట్టు మీద కూచో. ఆగినప్పుడల్లా నీళ్ళివ్వు. తాగేలోపు దొరుకుతుందేమో” అంది. మా దగ్గర మిగిలిన ఉపాయం ఆ గ్లాసొక్కటే.

రేవులో ఇసక వేస్తే రాలని జనం. తడిబట్టలు, నువ్వులు, అరటాకులు, కర్పూరం వాసన. మైకులో తప్పిపోయిన వాళ్ళ పేర్లు చదువుతూనే ఉన్నారు. ఫలానా ఊరి ఫలానా మామ్మగారు పోలీసు శిబిరం దగ్గర ఉన్నారు, వాళ్ళ తాలూకు వాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి అని. నాన్నగారు పీట మీద కూచున్నారు. నేను ఆయన వెనక మెట్టు మీద, చెంబు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.

చంద్రరావు గారు స్నానం చేసి తడిపంచెతో వచ్చి కూచున్నారు. వాళ్ళమ్మగారు పక్కన, కొంగు తల మీద కప్పుకుని. సంకల్పం సాఫీగా జరిగింది. మంత్రాల దగ్గర ఆయనకి తడబాటు లేదు. గోత్రం ఆయనే చెప్పారు. తండ్రి పేరు వెంకన్న అని చంద్రరావు గారు చెప్పారు. తాత పేరు సత్తియ్య అని వాళ్ళమ్మగారు అందించింది. నాన్నగారు పిండం కర్త చేతిలో పెట్టి, “ముత్తాత?” అన్నారు.

“అది మీకే తెలుసు గదండి. మాకెక్కడ తెలుస్తుంది” అన్నారు చంద్రరావు గారు నవ్వుతూ.

నాన్నగారు దగ్గారు. చెయ్యి వెనక్కి చాపారు.

నేను గ్లాసులో నీళ్ళు పోశాను. గ్లాసు అందించబోతూ రైసుమిల్లు అనుకున్నాను. మిల్లు దాటాక ఎడమ చేతి ఇల్లు. నేను మండపేట ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. కానీ వరసగా నడిచి వచ్చేశాను, మధ్యలో ఎక్కడా ఆగకుండా.

“బుల్లియ్య” అన్నాను.

నాన్నగారి చెయ్యి అలాగే ఆగింది. నీళ్ళు తీసుకోకుండా ముందుకి తిప్పుకున్నారు. “బుల్లియ్య నామధేయస్య” అని పలికి మంత్రం పూర్తిచేశారు. పిండం ఆకులో పడింది. తర్వాత ఆయన తల ఎత్తి చంద్రరావు గారితో, మామూలుగా కబుర్లు చెప్పేటప్పటి గొంతుతో, “మీ ముత్తాత మా తాతగారికి పడవ మీద చక్రకేళీ గెల తెచ్చేవాడు బాబూ. దిగకముందే కేకేసేవాడట” అన్నారు.

చంద్రరావు గారు అది ఎప్పుడూ విననట్టుంది. “అలాగాండి?” అని వాళ్ళమ్మ వైపు తిరిగి, “విన్నావా అమ్మా, కేకేసేవాడంట” అన్నారు. ఆవిడ, “మీ నాన్నా అంతే గదరా” అంది. కళ్ళు తుడుచుకుంటూ అంది.

వాళ్ళు లేచారు, వేరేవాళ్ళు కూచున్నారు. ఆ తర్వాత ఆయన చెయ్యి వెనక్కి చాపడం మానేశారు. ఆగవలసిన చోట కొంచెం తల పక్కకి వంచేవారు, నేను చెప్పేదాన్ని. కొన్ని ఆయనకే వచ్చేవి. కొన్ని ఇద్దరం ఒకేసారి పలికేవాళ్ళం. మధ్యాహ్నం అవుతుండగా పక్క పీట నుంచి సోమయాజులు గారు ఉండబట్టలేక అడిగారు.

“ఏవండీ మూర్తి గారూ, ఆడపిల్లని పితృకార్యంలో కూచోబెట్టారేంటండి?”

“పాఠం ఒప్పజెప్తోందండి” అన్నారు నాన్నగారు, చేతిలో పని ఆపకుండా. “ఎండాకాలం అంతా చెప్పాను. వచ్చిందో లేదో చూసుకోవాలి కదా.”

అప్పుడు నాకు ఆ తువ్వాలూ, మళ్ళీ మళ్ళీ చదివించడం, తెర చూడొద్దనడం అన్నీ గుర్తొచ్చాయి. ఆయన ఆ మెషిన్ని ఒక్కరోజు కూడా నమ్మలేదు.

అన్నీ దొరికాయని చెప్పను. మూడో రోజు ముమ్మిడివరం నుంచి హరిబాబు అనే ఆయన వచ్చారు. నాయనమ్మ పేరు కావాలి. ఇంట్లో అందరూ మామ్మ అనే పిలిచేవాళ్ళట, అసలు పేరు ఎవరూ ఎరగరు. నాన్నగారు తల పక్కకి వంచారు. నేను ముమ్మిడివరం వీధులన్నీ తిరిగాను. ఆ గుమ్మం దగ్గర నాకు ఏమీ వినపడలేదు. చివరికి ఆయన శాస్త్రంలో చెప్పిన ఆ బదులు మాటే పలికించారు. “పర్లేదండి, మామ్మకి తెలుసుగా” అన్నారు హరిబాబు గారు. ఆయన వెళ్ళాక నాన్నగారు నీళ్ళలోకి దిగి చేతులు చాలాసేపు కడుక్కున్నారు.

పుష్కరాలు అయిన మర్నాడు అమ్మ డాబా ఎక్కి, తీగకి మిగిలిన దారాలన్నీ కత్తిరించి పారేసింది. బుజ్జిబాబు గారు ఇంకో పాత కంప్యూటర్ ఇచ్చారు. మళ్ళీ కొట్టాను. ఈసారి పడక్కుర్చీలో నాన్నగారు వింటూ ఉంటే, చెప్పేది నేనే. తప్పు చెబితే ఆయన పట్టుకునేవారు, నేను కథ వదిలేసి పేర్లే చెబితే అమ్మ వంటింట్లోంచి ఆ కథ ఏదని అడిగేది. కార్తీకంలో ఒక పొద్దున ఆయన కాఫీ తాగుతూ తాగుతూ ఆగి, “ముమ్మిడివరం, మాణిక్యం” అన్నారు. హరిబాబు గారికి అప్పటికప్పుడు కార్డు ముక్క రాసి పడేశాను.

ఈసారి కాపీలు మూడు తీయించాను. ఒకటి బుజ్జిబాబు గారి సెంటర్లో. ఒకటి తీసుకుని ఆ రోజే బస్సెక్కి వంతెన దాటి పిన్నికి ఇచ్చి వచ్చాను. మూడోది ఇంట్లో. దాని కవరు మీద అమ్మ తన చేత్తో, కుంకం రంగు స్కెచ్ పెన్నుతో, పెద్ద అక్షరాలతో రాసింది: కాకులకి కాదు.

అన్ని ఇళ్ళూ అయ్యాక చివర మా ఇంటి వరస ఎక్కించాను. సూర్యనారాయణ, వెంకటరామయ్య, యజ్ఞేశ్వరం. నాన్నగారి నాన్న, తాత, ముత్తాత. వాళ్ళ కింద, ఇప్పుడున్నవాళ్ళ పేరు కొట్టే చోట నా చెయ్యి ఆగింది. మిగతా ఇళ్ళన్నిటికీ చంద్రరావు, హరిబాబు అని కొట్టేసిన దాన్నే. నాన్నగారు తువ్వాలు తీసి చూశారు.

“నాది కొట్టకు” అన్నారు. “అది నీ నోట్లో ఉండనీ.”

ఆయన ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు ఉన్నారు. ఎక్కడ తద్దినం ఉన్నా నేను వెంట వెళ్ళేదాన్ని, చెంబూ గ్లాసూ పట్టుకుని. యజమానులు ముందు ఆయనకి నమస్కారం పెట్టి తర్వాత నాకు పెట్టడం మొదలెట్టారు. సెంటర్లో పని మానేశాను. చివరి రోజుల్లో ఆయనకి వీధులే కాదు, ఇల్లు కూడా కనపడేది కాదు. అమ్మ రోజూ పొద్దున్నే కాఫీ ఇస్తూ, “నేనండి, రత్నాన్ని” అని చెప్పుకునేది. ఆయన మర్యాదగా, “కూచోండి” అనేవారు.

ఆయన మొదటి తద్దినానికి కొవ్వూరు పిన్ని కొడుకు శరత్‌చంద్ర కర్తగా కూచున్నాడు. చేయించింది సోమయాజులు గారు. నేను ఎప్పటిలాగే వెనక మెట్టు మీద కూచున్నాను. గోదావరి నిండుగా పారుతోంది. సోమయాజులు గారు దర్భలు సర్ది, “మూడు తరాల పేర్లూ చెప్పు నాయనా” అన్నారు.

శరత్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. సోమయాజులు గారు కూడా నావైపే చూసి, చేతిలో నువ్వులు అలాగే పట్టుకుని ఆగారు.

వరస ఒక మెట్టు కిందికి జరిగిందని అప్పుడు తెలిసింది నాకు. యజ్ఞేశ్వరం గారిని ఇక ఎవరూ అడగరు. వెంకటరామయ్య, సూర్యనారాయణ అని వెనక నుంచి చెప్పాను, అవి సులభం కాబట్టి. మొదటి పేరు మిగిలింది. అది ఏ సీడీలోనూ లేదు.

“నరసింహమూర్తి” అన్నాను. గారు లేకుండా మా నాన్న పేరు నేను పలకడం అదే మొదటిసారి.